కొత్త బండిలో గేర్ ఆయిల్‌ను గడువుకు ముందే మార్చాలా?

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను, ఎందుకంటే సమాధానం వాటి మీదే ఆధారపడి ఉంటుంది. మీ బండి కొత్తది. ఇప్పటికి 6,000 కిలోమీటర్లు తిరిగింది. మాన్యువల్ గేర్‌బాక్స్, దాని వెనుక ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఆ శక్తిని కుడి ఎడమ చక్రాలకు పంచే డిఫరెన్షియళ్ళు ముందూ వెనుకా ఉన్నాయి. బండితో వచ్చిన పుస్తకం డిఫరెన్షియల్ ఆయిల్‌ను 40,000 కిలోమీటర్లకు మార్చమంటోంది. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం జీవితకాలం సరిపోతుందని చెబుతోంది. మీకు తెలిసిన మెకానిక్ అన్నీ ఇప్పుడే మార్చేయమన్నారు, సర్వీస్ సెంటర్ వారు అనవసరంగా ముట్టుకోవద్దన్నారు. ఈ బండిని కనీసం 15 ఏళ్ళు ఉంచుకోవాలన్నది మీ ఆలోచన. దీనితో పాటు, 1,10,000 కిలోమీటర్లు తిరిగినా ఒక్కసారి కూడా ఆయిల్ మార్చని మీ పాత ఆటోమేటిక్ కారు సంగతి కూడా అడిగారు.

కొత్త బండి విషయంలో మీ మెకానిక్ మాటే సరైనది. గేర్‌బాక్సులు, డిఫరెన్షియళ్ళు విప్పి బాగుచేసే పనిలో నేను 26 ఏళ్ళుగా ఉన్నాను. ఒక బండికి దాని జీవితంలో ఎన్నిసార్లు గేర్ ఆయిల్ మార్చినా, వాటన్నింటిలోకీ మొదటిసారి మార్చడమే ఎక్కువ మేలు చేస్తుందని, అది పుస్తకంలో రాసిన గడువు కన్నా బాగా ముందే జరగాలని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వివరంగా చెబుతాను.

ఇంజన్ ఆయిల్‌కు ఫిల్టర్ ఉంటుంది. ఇంజన్ లోపల అరిగిన లోహపు రజను ఆయిల్‌తో పాటు ప్రయాణించి ఆ ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది, సర్వీస్‌లో ఫిల్టర్‌తో పాటే బయటికి పోతుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో సాధారణంగా ఫిల్టరే ఉండదు. అక్కడ ఆయిల్‌ను తోడే పంపు కూడా చాలా బండ్లలో ఉండదు. కింద నిలిచిన ఆయిల్‌లో పళ్ళచక్రం మునిగి, తిరిగేటప్పుడు దాన్ని పైకి చిమ్ముతుంది, ఆ చిమ్మిన ఆయిలే బేరింగులకు చేరుతుంది. కొన్నింటిలో ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు చివర చిన్న అయస్కాంతం ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. అంటే ఒకసారి ఆయిల్‌లోకి చేరిన రజను, మనం బోల్టు విప్పి వదిలేదాకా, అదే రెండు మూడు లీటర్లలో తిరుగుతూనే ఉంటుంది.

ఆ రజను ఎక్కువగా వచ్చేది మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే. ఫ్యాక్టరీలో ఎంత నునుపుగా కోసిన గేరు పన్నయినా, సూక్ష్మంగా చూస్తే గరుకుగానే ఉంటుంది. రెండు పళ్ళు మొదటిసారి భారం మీద కలిసి తిరిగినప్పుడు ఆ గరుకులోని ఎత్తులు నలిగి, తెగి, ఊడిపోతాయి. అలా ఊడిపోయాకే పళ్ళు ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇముడుతాయి. గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే సింక్రోనైజర్ల ఇత్తడి రింగులు కూడా ఇదే విధంగా తమ కోన్ల మీద సర్దుకుంటాయి. ఇది లోపం కాదు, కొత్త యంత్రానికి సహజం. పళ్ళు సర్దుకున్న తర్వాత అరుగుదల చాలా తగ్గిపోతుంది, కాని ఆ మొదటి దశలో ఊడిన లోహం మాత్రం ఎక్కడికీ పోదు.

కొత్త బండి డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టును ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద ఒకటి కుచ్చులా నిలబడి ఉంటుంది. వేలితో తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా సాగుతుంది, ఎక్కడా గరుకు తగలదు. ఎండలో వేలిని అటూ ఇటూ తిప్పితే సన్నని వెండి మెరుపు కనిపిస్తుంది. ఆ మెత్తని ముద్దను చూసి ఎవరూ భయపడనక్కరలేదు. వేలికి పొరకలు గుచ్చుకున్నా, గోరు అంచంత ముక్కలు కనిపించినా అది వేరే కథ, అప్పుడు విప్పి చూడాల్సిందే. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపులు తేలుతుంటే అవి ఇత్తడి రింగుల నుంచి వచ్చినవి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి, ఎంత మంచి అయస్కాంతం ఉన్నా ఆ రజను ఆయిల్‌తోనే తిరుగుతుంది. మొదటిసారి 6,000 కిలోమీటర్లకు ఆయిల్ వదిలి, మళ్ళీ 40,000 కిలోమీటర్ల తర్వాత వదిలినప్పుడు, ఆ పెద్ద దూరానికి చేరిన ముద్ద మొదటి చిన్న దూరానికి చేరినదాని కన్నా తక్కువగా ఉండటం నేను అనేక బండ్లలో చూశాను.

ఇంత మెత్తని రజను ఏం హాని చేస్తుందని మీకు అనిపించవచ్చు. పళ్ళకు అది చేసే హాని కొంతే, అసలు నష్టం బేరింగులకు. బేరింగులోని రోలర్‌కూ, అది దొర్లే ట్రాకుకూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం తరచుగా ఒక మైక్రాన్ కన్నా తక్కువే. మనిషి తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే ఆ పొర ఎంత పలచనో ఊహించుకోవచ్చు. పొర కన్నా పెద్దదైన గట్టి రేణువు ఆ మధ్యలోకి వెళితే, రోలర్ దాన్ని ట్రాకులోకి నొక్కి చిన్న గుంట చేస్తుంది. ఆ గుంట అంచు మీద ప్రతి రోలర్ భారం పడుతూ పోతుంటే, కొంతకాలానికి అక్కడ సన్నని పగులు పుట్టి, ఉపరితలం పెచ్చులూడటం మొదలవుతుంది. ఊడిన పెచ్చు మరిన్ని గుంటలు చేస్తుంది. 80,000 కిలోమీటర్ల దగ్గర సన్నగా ఊళ మొదలుపెట్టిన డిఫరెన్షియల్‌ను విప్పి చూస్తే, పెద్ద పళ్ళచక్రమైన క్రౌన్ వీల్ పళ్ళు బాగానే ఉండి, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రమైన పినియన్ బేరింగు ట్రాకు మీద మాత్రం చుక్కలు చుక్కలుగా గుంటలు కనిపించిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. ఆ బేరింగు బిగువు తప్పితే పినియన్ తన స్థానం నుంచి వెంట్రుకవాసి కదులుతుంది, పళ్ళు కలిసే చోటు మారుతుంది, ఆ తర్వాత క్రౌన్ పినియన్ జత కూడా పాడవుతుంది. దీనికి విరుగుడు, మొదటి దశలో ఊడిన లోహాన్ని ఆలస్యం చేయకుండా బయటికి పంపేయడమే.

ఇక జీవితకాలం అన్న మాట గురించి. ఆ మాటను అబద్ధమని నేను అనను, కాని అది ఎవరి లెక్కలో ఎంతకాలమో తెలుసుకోవాలి. తయారీదారు లెక్కలో బండి జీవితకాలానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల గేర్‌బాక్స్ పెద్ద ఇబ్బంది లేకుండా నడిస్తే ఆ మాట నిజమైనట్టే. మీరు 15 ఏళ్ళు ఉంచుకోవాలనుకుంటున్నారు, మీ లెక్క వేరు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థ ఉదాహరణ ఇక్కడ గుర్తుచేసుకోదగినది: ఆ గేర్‌బాక్సులు అమర్చిన కార్లలో కొన్నింటి పుస్తకాలు ఆయిల్ జీవితకాలం సరిపోతుందని చెబితే, గేర్‌బాక్స్ తయారుచేసిన ఆ సంస్థ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో ఆయిల్ మార్చమని సిఫారసు చేస్తుంది. ఈ రెండు మాటల్లో గేర్‌బాక్స్‌ను చేసినవారి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అయితే మరీ తొందర కూడా పనికిరాదు. 500 కిలోమీటర్లకే ఆయిల్ మారిస్తే పళ్ళు ఇంకా పూర్తిగా సర్దుకుని ఉండవు, రజను ఇంకా వస్తూనే ఉంటుంది, చేసిన పనిలో సగమే ఫలితం దక్కుతుంది. నా లెక్కలో మొదటిసారి మార్చడానికి 2,000 నుంచి 10,000 కిలోమీటర్ల మధ్య ఎప్పుడైనా మంచిదే. మీరు ఆ పరిధి మధ్యలో ఉన్నారు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియళ్ళు, అన్నింటికీ ఒకేసారి చేయించండి. ఆ తర్వాత డిఫరెన్షియళ్ళకు పుస్తకం చెప్పిన 40,000 సరిపోతుంది, గేర్‌బాక్స్‌కు 50,000 నుంచి 60,000 మధ్య పెట్టుకోండి. బరువైన ట్రెయిలర్ లాగుతున్నా, ఎక్కువగా కొండదారుల్లో తిరుగుతున్నా ఆ దూరాన్ని సగానికి తగ్గించండి. అంతకు మించి, ప్రతి 10,000 కిలోమీటర్లకూ మార్చాలనే పట్టుదల వల్ల గేర్లకు ఒరిగేదేమీ లేదు. బోల్టు విప్పిన ప్రతిసారీ మట్టి లోపల పడటానికో, మర పోవడానికో, తప్పు ఆయిల్ పోయడానికో ఒక అవకాశం ఇస్తున్నట్టే.

తప్పు ఆయిల్ అన్నాను కాబట్టి అక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ముందుగా మార్చాలన్న ఉత్సాహంతో మంచి గేర్‌బాక్స్‌ను పాడుచేసుకున్నవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డబ్బా మీద 75డబ్ల్యూ-90 వంటి అంకె చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. దాని పక్కన ఉండే జీఎల్-4, జీఎల్-5 అన్నవి లోపల కలిపిన రక్షక రసాయనాల స్థాయిని చెబుతాయి. డిఫరెన్షియల్‌లో సాధారణంగా పినియన్ అన్నది క్రౌన్ వీల్ మధ్యగీత కన్నా కిందకి జరిగి ఉంటుంది, అందువల్ల పళ్ళు దొర్లడమే కాక ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు కాబట్టి గంధకం, భాస్వరం సమ్మేళనాలు దట్టంగా ఉన్న జీఎల్-5 అక్కడ తప్పనిసరి. జీఎల్-4లో ఆ సమ్మేళనాలు దాదాపు సగమే ఉంటాయి. సింక్రోనైజర్ రింగు పనిచేయాలంటే దానికి కొంత రాపిడి కావాలి, కోన్‌ను పట్టుకుని వేగాన్ని సమం చేయాలి. జీఎల్-5 జారుడు ఎక్కువై ఆ పట్టు దొరకదు, గేరు మార్చేటప్పుడు కరకర శబ్దం వస్తుంది. పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్ళలోని గంధకం వేడి మీద ఇత్తడిని తినేస్తుంది. పెద్ద అంకె ఉన్నది ఎప్పుడూ మెరుగైనదే అనుకుని గేర్‌బాక్స్‌లోనూ జీఎల్-5 పోయించుకున్నవారు, ఏడాది తిరగకుండానే మూడో గేరు పడటం లేదని వచ్చిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులకూ, చాలా ట్రాన్స్‌ఫర్ కేసులకూ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) వంటి పలచని ఆయిలే రాసి ఉంటుంది. మీ వెనుక డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే) రకమైతే, లోపలి క్లచ్ ప్లేట్లు మలుపుల్లో అదిరిపోకుండా ఉండటానికి తగిన ఫ్రిక్షన్ మాడిఫైయర్ (రాపిడిని సర్దే రసాయనం) ఉన్న ఆయిలే కావాలి. పుస్తకంలో ప్రతి భాగానికీ విడిగా రాసిన ప్రమాణాన్ని కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్ళండి. ఏ కంపెనీ డబ్బా అన్నది ఆ తర్వాతి సంగతి. వారంటీ నడుస్తోంది కాబట్టి బిల్లు మీద ఆయిల్ ప్రమాణం, కిలోమీటర్లు రాయించి దాచుకోండి.

పని చేసే విధానంలో మీరు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డ్రెయిన్ బోల్టు కన్నా ముందు పైనున్న, ఆయిల్ పోసే ఫిల్లర్ బోల్టు విప్పించాలి. కొత్త బండిలోనూ ఆ బోల్టు బిగుసుకుపోయి ఉండవచ్చు. కింది నుంచి ఆయిలంతా వదిలేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ఒక పావుగంట నడిపి వచ్చిన తర్వాత, ఆయిల్ వెచ్చగా ఉండగానే వదలాలి, అప్పుడే తేలియాడుతున్న రజను దానితో పాటు బయటికి వస్తుంది. బండి నాలుగు వైపులా సమతలంగా ఉండాలి. ఒక పక్క జాకీ మీద ఎత్తి పోస్తే కొలత తప్పుతుంది. అణిగిపోయే రకం వాషర్లను కొత్తవి వేయించాలి. ఫిల్లర్ రంధ్రం దగ్గరే కొలత అని పుస్తకం చెప్పే గేర్‌బాక్సుల్లో, ఆ రంధ్రం కింది అంచు నుంచి ఆయిల్ సన్నని ధారగా పొర్లి, చుక్కలకు వచ్చాక మూయాలి. ఎక్కువ పోసినా మేలు కాదు, నురగ వస్తుంది, సీళ్ళ దగ్గర కారుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కారును మా షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చారు. రెండు రోజుల ముందు వేరొక చోట ఇంజన్ ఆయిల్ మార్పించారట. అక్కడ పనివాడు ఇంజన్ డ్రెయిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్ బోల్టు విప్పాడు, గేర్‌బాక్స్ ఖాళీ చేశాడు, ఇంజన్‌లో ఉన్న పాత ఆయిల్ మీదే కొత్తది నింపేశాడు. విప్పి చూస్తే గేర్‌బాక్స్ లోపల ముందు బేరింగు నీలం రంగుకు తిరిగి, షాఫ్ట్‌కు అతుక్కుపోయి ఉంది. ఆ కుటుంబం ఆ రోజు దారి మధ్యలో చీకట్లో నిలబడిపోయిందని విని నాకు చాలా బాధ కలిగింది. అప్పటి నుంచి ఏ బండికి ఆయిల్ మార్చినా, వదిలిన ఆయిల్‌ను కొలపాత్రలోకి పట్టి, ఎంత వచ్చిందో యజమానికి చూపించి, అప్పుడే కొత్తది పోస్తున్నాను. ఇలా కొలవడం వల్ల మరో సంగతి కూడా తెలుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఆయిల్ అరలీటరు తక్కువగా ఉన్న బండ్లు కూడా నా చేతికి వచ్చాయి. పాత ఆయిల్ కన్నా తక్కువ ఆయిలే గేర్లకు పెద్ద శత్రువు. ముందుగా మార్చడం వల్ల ఆ కొరత తొలి రోజుల్లోనే బయటపడుతుంది.

నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి కాబట్టి నీళ్ళ గురించి ఒక మాట. దూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్‌ను లోతు నీళ్ళలోకి దింపితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. పైనున్న, లోపలి గాలి వచ్చిపోయే బ్రీథర్ గొట్టం మట్టితో మూసుకుపోయి ఉన్నా, దాని చివర నీళ్ళలో మునిగినా, ఆ లోటు పూడ్చుకోవడానికి యాక్సిల్ సీళ్ళ పక్క నుంచి, బ్రీథర్ నుంచి నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. అలాంటి ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబారి, చిక్కగా దిగుతుంది. బేరింగు ట్రాకులకు తుప్పు పట్టడానికి అది వారాల తరబడి ఉండనక్కరలేదు. ఇరుసు మునిగేంత నీళ్ళు దాటితే, కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా, ఒకటి రెండు రోజుల్లోనే బోల్టు విప్పించి చూడండి. రంగు మారితే మార్పించండి.

ఇక మీ పాత ఆటోమేటిక్. ఇక్కడ ముందుగా మార్చే అవకాశం దాటిపోయింది, కాబట్టి జాగ్రత్తగా మార్చడం ముఖ్యం. ఆటోమేటిక్‌లో ఆయిల్ గేర్లను తడపడంతో పాటు క్లచ్‌లను నొక్కుతుంది, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లో శక్తిని మోస్తుంది, వేడిని మోసుకుపోతుంది. వేడే దాని ప్రధాన శత్రువు. ఆయిల్ ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా అది ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందన్నది మా పనిలో అందరూ పాటించే లెక్క. పాత ఏటీఎఫ్ ఎర్రదనం పోయి ముదురు గోధుమ రంగుకు రావడం సహజమే, కాని మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్ల పూత కాలుతోందని అర్థం.

పాత గేర్‌బాక్స్‌లో ఆయిల్ మారిస్తే అది చచ్చిపోతుందన్న మాట మీరూ వినే ఉంటారు. ఆ మాటకు మూలం ఇది: గేర్లు జారడం మొదలై, ప్లేట్లు అరిగిపోయాక, చాలామంది చివరి ప్రయత్నంగా ఆయిల్ మార్పిస్తారు, కొన్నాళ్ళకు గేర్‌బాక్స్ పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. ఆ గేర్‌బాక్స్ ఎలాగూ పోయేదే. మీ కారు గేర్లు ఇప్పటికి సాఫీగా పడుతున్నాయని రాశారు కాబట్టి నిశ్చింతగా మార్పించండి, కాని యంత్రం పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగించే పద్ధతి వద్దు, అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీ సన్నని దారుల్లో చిక్కుకునే ప్రమాదం ఉంటుంది. కింద బోల్టు విప్పి వచ్చినంత వదిలి, అంతే నింపే పద్ధతి చాలు. కన్వర్టర్‌లోని ఆయిల్ రాదు కాబట్టి ఒకసారికి మొత్తంలో సుమారు 40 శాతమే మారుతుందనుకుందాం. వెయ్యేసి కిలోమీటర్ల ఎడంతో మూడుసార్లు చేస్తే పాత ఆయిల్ మొదట 60 శాతానికి, తర్వాత 36కు, చివరికి 22 శాతం లోపుకు దిగుతుంది. మొదటిసారే పాన్ (అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) విప్పించి, అయస్కాంతాలు తుడిపించి, మార్చగలిగిన ఫిల్టర్ ఉంటే మార్పించండి. కొలత మాత్రం మాన్యువల్‌లా కాదు: చాలా కొత్త తరం ఆటోమేటిక్‌లలో ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడే కొలవాలి, అది 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండే గేర్‌బాక్సులు చాలా ఉన్నాయి. స్కానర్‌తో ఆ ఉష్ణోగ్రత చూడకుండా అంచనాగా నింపేవారి దగ్గర చేయించకండి.

ఇదే చర్చలో మరొకరు సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గురించి, ఇంకొకరు విద్యుత్ కారు గురించి అడిగారు. సీవీటీలో ఉక్కు బెల్టు కప్పీల మీద పట్టు నిలుపుకోవడం ఆయిల్ గుణం మీదే ఆధారపడుతుంది, అందుచేత దానికి రాసిన ఆయిల్ తప్ప అన్నింటికీ పనికొస్తుందని చెప్పే ఏ ఆయిలూ పోయకండి. విద్యుత్ కారులోనూ మోటారు వేగాన్ని తగ్గించే గేర్లు, వాటికి ఆయిల్ ఉంటాయి. మోటారు నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరిగే చోట తొలి రజనును బయటికి పంపాల్సిన అవసరం ఇంకా ఎక్కువే. దానికి కూడా నేను మొదటి మార్పును ముందే చేయమంటాను, తయారీదారు చెప్పిన ఆయిల్‌తోనే.

మీ కొత్త బండికి పని పూర్తయ్యాక, ఒక వారం నడిపి, రాత్రంతా నిలబెట్టిన చోట అట్ట ముక్క పరిచి ఉదయం చూడండి. బోల్టుల దగ్గర తడి కనిపిస్తే వెంటనే వెనక్కి తీసుకెళ్ళండి. విప్పిన రోజున నాలుగు డ్రెయిన్ బోల్టుల అయస్కాంతాలనూ తుడవకముందే ఫొటో తీసి, కిలోమీటర్లు రాసి పెట్టుకోండి. 40,000 దగ్గర మళ్ళీ విప్పినప్పుడు ఆ ఫొటో పక్కన పెట్టి పోల్చి చూస్తే, లోపల ఏం జరుగుతోందో ఎవరినీ అడగకుండానే మీకు తెలిసిపోతుంది. ముద్దలో గరుకు తగిలినా, ముక్కలు కనిపించినా ఆ ఫొటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.